ప్రజలు నడిపిన ప్రయోగము: 1954 నాటి పోలియో టీకా పరీక్ష

1954వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని వర్జీనియా రాష్ట్రమున, మెక్లీన్ అను ఊరి యందలి ఫ్రాంక్లిన్ షెర్మన్ ప్రాథమిక పాఠశాలలో పిల్లలు వరుసగా నిలిచి చేతికి సూదిమందు వేయించుకొనిరి. అది పోలియో వ్యాధిని అరికట్టవలెనని తయారు చేసిన క్రొత్త టీకా. అది నిజముగా పని చేయునో లేదో అప్పటికి ఎవరికిని తెలియదు. దానిని తేల్చుటకే ఆ పిల్లలు వచ్చిరి. ఆ పరీక్ష ముగియునప్పటికి అందు చేరిన బాలబాలికల సంఖ్య 18 లక్షలు దాటెను.

విజ్ఞానశాస్త్ర చరిత్రలో సాధారణముగా శాస్త్రజ్ఞుల పేర్లే కనబడును. పోలియో టీకా అనగానే జోనాస్ సాల్క్ పేరు చెప్పుదురు. అది న్యాయమే. కాని ఒక టీకా కోట్లాది పిల్లలకు ఉపకరించునని నిరూపించుట ఒక్క ప్రయోగశాలలో జరుగు పని కాదు. అందుకు ధనము కావలెను, వేలకొలది చేతులు కావలెను, తమ పిల్లలను ముందుకు పంపు తల్లిదండ్రులు కావలెను. 1954లో ఈ మూడింటిని సమకూర్చినవారు సామాన్య ప్రజలు.

వ్యాధి స్వరూపము

పోలియో ఒక వైరసు వలన వచ్చును. ఇది ఒక విధమైన సూక్ష్మజీవి అనియు, మామూలు బాక్టీరియాలను ఆపివేయు వడపోత గిన్నెల గుండ కూడ ఇది జారిపోవుననియు 1908లో వియన్నా నగరమున కార్ల్ లాండ్‌స్టైనర్, ఎర్విన్ పాపర్ అనువారు చూపిరి. ఈ వైరసు మలముతో వెలువడి, కలుషితమైన నీరు, ఆహారము, చేతుల ద్వారా నోటి లోనికి ప్రవేశించి ప్రేగులలో వృద్ధి పొందును. సోకినవారిలో అత్యధికులకు ఏ లక్షణమును కనిపించదు. సుమారు 200 మందిలో ఒకరికి మాత్రము అది వెన్నుపాములోని నాడీకణములను చంపును. ఆ కణములు ఏ కండరములను కదలించునో అవి చచ్చుబడిపోవును. ఊపిరి తీయించు కండరములు చచ్చుబడినచో ప్రాణాపాయము. అట్టి రోగులను ఇనుప ఊపిరితిత్తి అను గొట్టపు యంత్రములో పరుండబెట్టి గాలి పీల్పించెడివారు.

ఈ వ్యాధి విషయమున ఒక విచిత్రము కలదు. పారిశుద్ధ్యము పెరిగినకొలది దీని బెడద పెరిగెను. పారిశుద్ధ్యము తక్కువగా నున్న చోట వైరసు పసికందులకే సోకును. ఆ వయస్సులో తల్లినుండి వచ్చిన ప్రతిరక్షకములు వారి రక్తమున ఉండుటచే పక్షవాతము రాక, జీవితాంతము రక్షణ మాత్రము మిగులును. శుభ్రమైన ఇండ్లలో పెరిగిన పిల్లలకు వైరసు ఆలస్యముగా, ఆ రక్షణ తొలగిన తరువాత ఎదురగును. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. పరీక్షా ఫలితములలో ఇది మరల వచ్చును.

అమెరికాలో 1916లో వచ్చిన పోలియో 27,000 మందికి సోకి 6,000 మందికి పైగా ప్రాణములు తీసెను. 1952లో 57,879 మందికి సోకగా 3,145 మంది మరణించిరి. వేసవి వచ్చినదనగా తల్లిదండ్రులు పిల్లలను ఈత కొలనులకు, సినిమాలకు పంపుటకు జంకెడివారు.

పది సెంట్ల నాణెములు

1921లో ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు అను రాజకీయ నాయకుడు 39 ఏండ్ల వయస్సున ఈ వ్యాధి పాలబడి నడక కోల్పోయెను. తరువాత ఆయనయే దేశాధ్యక్షుడయ్యెను. 1938లో ఆయన పూనికతో పోలియో నివారణకు ఒక జాతీయ సంస్థ ఏర్పడెను. దానికి బాసిల్ ఓకానర్ అను న్యాయవాది అధ్యక్షుడు. ఈ సంస్థ ధనికుల పెద్ద విరాళములపై ఆధారపడక, ప్రతి ఇంటినుండి పది సెంట్ల నాణెము ఒక్కటి పంపుడని కోరెను. డాలరులో పదవ వంతు విలువ గల ఆ నాణెమును డైము అందురు. ఎడ్డీ కాంటర్ అను హాస్యనటుడు ఈ ఉద్యమమునకు "డైముల యాత్ర" అను అర్థము వచ్చు పేరు పెట్టెను. అధ్యక్ష భవనమునకు లక్షలకొలది నాణెములు టపాలో వచ్చి పడినవి. 1950లో ఆరిజోనా రాష్ట్రములోని ఫీనిక్స్ నగరమున తల్లులు ఒక రాత్రి వీధివీధిని తిరిగి చందాలు వసూలు చేసిరి. ఇవ్వదలచినవారు వాకిట దీపము వెలిగించి ఉంచవలెనని ముందే చాటిరి. ఈ పద్ధతి తరువాత దేశమంతట వ్యాపించెను.

ఈ చిల్లర నాణెములే చికిత్సకును, పరిశోధనకును వ్యయమయ్యెను. 1949లో ఎండర్స్, వెల్లర్, రాబిన్స్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు పోలియో వైరసును నాడీకణజాలము కాని ఇతర కణజాలములలో, పరీక్షనాళికలలో పెంచవచ్చునని కనుగొని 1954లో నోబెల్ బహుమానము పొందిరి. దీనితో వైరసును విస్తారముగా తయారు చేయుట సాధ్యమయ్యెను. పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయమున సాల్క్ ఆ వైరసు యొక్క మూడు రకములను ఫార్మాల్డిహైడుతో చంపి టీకా తయారు చేసెను. చచ్చిన వైరసు వ్యాధిని కలిగింపదు. కాని శరీరము దానిని గుర్తించి ప్రతిరక్షకములను పుట్టించును.

ఇంత పెద్ద పరీక్ష ఎందుకు?

కొన్ని వందల మంది పిల్లలకు టీకా వేసి రక్తము పరీక్షింపగా ప్రతిరక్షకములు కనిపించినవి. అయినను అది చాలదు. వ్యాధి నిజముగా ఆగునా అనునదే ప్రశ్న. పోలియో భయంకరమే గాని అరుదు. సాధారణముగా లక్షమందిలో ఏడాదికి సుమారు 50 మందికి వచ్చుననుకొందము. పదివేల మందికి టీకా వేసి చూచినచో, టీకా లేకున్నను వ్యాధి వచ్చువారు ఐదుగురే. ఆ ఐదుగురు ఇద్దరైనచో అది టీకా మహిమయా, కాకతాళీయమా చెప్పలేము. పైగా ఈ వ్యాధి ఒక ఏడు విజృంభించి మరుసటి ఏడు తగ్గును. కావున నిరుటి లెక్కతో ఈ ఏటి లెక్కను పోల్చిన మోసపోవుదుము. ఒకే కాలమున, ఒకే ప్రాంతమున, లక్షలమందిని రెండు జట్లుగా చేసి పోల్చుట ఒక్కటే మార్గము.

మొదట తలపెట్టిన పద్ధతి సులభమైనది. రెండవ తరగతి పిల్లలలో ఒప్పుకొన్నవారికి టీకా వేసి, ఒకటవ, మూడవ తరగతుల వారిని ఊరక గమనించుట. ఇందు రెండు లోపములు కలవు. టీకా ఎవరికి వేసిరో వైద్యునికి తెలియును కనుక, సందేహాస్పదమైన జ్వరమును పోలియో అనుటలో తెలియకయే పక్షపాతము రావచ్చును. రెండవది, స్వచ్ఛందముగా వచ్చినవారిని రానివారితో కలిసియున్న గుంపుతో పోల్చుట సరియైన పోలిక కాదు.

అందుచే మరియొక పద్ధతిని కొందరు కోరిరి. వచ్చిన పిల్లలందరికి సూది వేయవలెను. కాని సగముమందికి టీకా, సగముమందికి అదేవిధముగా కనిపించు ఉత్తి ద్రవము. ఏ సీసాలో ఏది యున్నదో సంకేత సంఖ్య వలన మాత్రమే తెలియును. ఆ సంకేతము పిల్లలకు, తల్లిదండ్రులకు, సూది వేయు వైద్యునికి సైతము తెలియరాదు. ఈ ఆలోచన సాల్క్‌కు మొదట రుచింపలేదు. టీకా మంచిదని నమ్మినవానికి, సగము పిల్లలకు దానిని ఈయకుండుట దయాహీనముగా తోచుట సహజమే. కాని నమ్మకము వేరు, నిరూపణము వేరు. 1935లో ఇద్దరు పరిశోధకులు వేర్వేరుగా తయారు చేసిన టీకాలను సరియైన పోలిక లేకయే వేలమందికి వేయగా, కొందరు పిల్లలు ఆ తరువాత పోలియో పాలబడిరి. ఆ పాఠము ఎవరును మరువలేదు.

పరీక్షకు నాయకత్వము వహించిన మిచిగన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు థామస్ ఫ్రాన్సిస్ ఈ రెండవ పద్ధతికై పట్టుబట్టెను. కొన్ని రాష్ట్రములు ఒప్పుకొనినవి, కొన్ని ఒప్పుకొనలేదు. తుదకు 11 రాష్ట్రములలో ఉత్తి ద్రవముతో పోల్చు పద్ధతిని, 33 రాష్ట్రములలో మొదటి పద్ధతిని అవలంబించిరి. ఇవిగాక కెనడా, ఫిన్లండు దేశములలోని పిల్లలు కూడ పాల్గొనిరి.

పాఠశాలలలో జరిగిన పని

ఈ పరీక్షకు సుమారు 20,000 మంది వైద్యులు, ఆరోగ్యాధికారులు, 40,000 మంది నర్సులు, 14,000 మంది ప్రధానోపాధ్యాయులు, 50,000 మంది ఉపాధ్యాయులు, రెండు లక్షలకు మించిన ఇతర స్వచ్ఛంద సేవకులు పని చేసిరని లెక్క. టీకా వేయునది వైద్యుడే. కాని వైద్యునికి ముందును వెనుకను జరుగవలసిన పని చాల ఉన్నది. ప్రతి పిల్లవాని పేరు, వయస్సు, తరగతి పట్టికలో చేర్చవలెను. తల్లిదండ్రులను సమావేశపరచి సంగతి వివరింపవలెను. మూడు సూదులు వేయవలెను. మొదటి దానికి వారము తరువాత రెండవది, ఐదు వారముల తరువాత మూడవది. ఏ సూదికి ఏ సంఖ్య గల సీసా వాడిరో తప్పు లేకుండ వ్రాయవలెను. ఒక్క అంకె తారుమారైనను ఆ బిడ్డ ఓర్చిన నొప్పి వృథా యగును. ఈ వ్రాతపని చాలవరకు ఉపాధ్యాయుల పైనను, తల్లుల పైనను పడెను.

తల్లిదండ్రుల వద్ద తీసికొన్న పత్రములోని మాట గమనింపదగినది. "సమ్మతించుచున్నాము" అని గాక, తమ బిడ్డను ఈ పరీక్షలో చేర్చుకొనవలెనని "కోరుచున్నాము" అను భావముతో ఆ పత్రమును రచించిరి. టీకా బదులు ఉత్తి ద్రవము రావచ్చునని ఎరిగియే వేలమంది సంతకములు చేసిరి. పరీక్షకు కొలది దినముల ముందు ఒక ప్రసిద్ధ రేడియో వ్యాఖ్యాత ఈ టీకా ప్రాణాంతకము కావచ్చునని ప్రచారము చేయగా కొందరు వెనుదీసిరి. ఎక్కువమంది నిలిచిరి. మూడు సూదులు పూర్తియైన పిల్లలకు "పోలియో మార్గదర్శకులు" అను అర్థమిచ్చు చిన్న బిళ్ళయు, చీటియు బహూకరించిరి. వారికి దక్కిన ప్రతిఫలము అంతే.

ఫలితములు

లెక్కలు తేల్చుటకు దాదాపు ఏడాది పట్టెను. 1955 ఏప్రిల్ 12న, మిచిగన్ రాష్ట్రములోని ఆన్ ఆర్బర్ పట్టణమున ఫ్రాన్సిస్ ఫలితములను వెల్లడించెను. ఉత్తి ద్రవముతో పోల్చిన ప్రాంతములలో, టీకా పొందిన 2,00,745 మందిలో పక్షవాతముతో కూడిన పోలియో వచ్చినవారు 33 మంది. ఉత్తి ద్రవము పొందిన 2,01,229 మందిలో 115 మంది. అనగా లక్షకు 16, 57 చొప్పున. టీకా పని చేసెను. ఆనాడు అమెరికాలో అనేక పట్టణములలో చర్చి గంటలు మ్రోగినవి.

అదే పట్టికలో మూడవ వరుస యొకటి కలదు. ఆ ప్రాంతములలోనే సూది వేయించుకొనని పిల్లలు 3,38,778 మంది. వారిలో పక్షవాతము వచ్చినది 121 మందికి, అనగా లక్షకు 36. ఇది వింతగా తోచును. ఉత్తి ద్రవము పొందినవారికిని, ఏదియు పొందనివారికిని టీకా రక్షణ లేదు గదా! మొదటివారికి వ్యాధి ఎక్కువగా ఏల వచ్చెను? ద్రవము హాని చేసినదా? కాదు. స్వచ్ఛందముగా పిల్లలను పంపినవారిలో కొంత చదువు, కొంత కలిమి గల కుటుంబములవారు ఎక్కువ. వారి ఇండ్లు శుభ్రమైనవి. కనుకనే వారి పిల్లలకు శైశవమున వైరసు సోకి రక్షణ కలుగలేదు. పైన చెప్పిన విచిత్రము ఇక్కడ అంకెలలో బయటపడెను. టీకా పొందినవారిని, పరీక్షకు రానివారితో పోల్చియుండినచో 16కు 36 అని, టీకా గుణము ఉన్నదానికంటె తక్కువగా కనిపించెడిది. స్వచ్ఛందముగా వచ్చినవారిని స్వచ్ఛందముగా వచ్చినవారితోనే పోల్చవలెనన్న నియమము ఎంత అవసరమో దీనివలన తేలెను.

కావున ఈ పరీక్షలో అందరికంటె పెద్ద సేవ చేసినవారు ఉత్తి ద్రవము పొందిన రెండు లక్షలమంది అని చెప్పవచ్చును. సూది నొప్పి వారిది, రక్షణ ఇతరులది. ఆ 115 మంది లెక్క లేనిచో 33 అను అంకెకు అర్థమే లేదు. 1955లో టీకా సిద్ధమైనప్పుడు ఉత్తి ద్రవము పొందిన పిల్లలకు మొదటి వరుసలో ఉచితముగా టీకా వేయుటకు ఏర్పాటు చేసిరి.

అడుగక తీసికొన్న సాయము

ఈ చరిత్రలో స్వేచ్ఛగా ఇచ్చిన సాయమే కాక, అడుగక తీసికొన్న సాయము కూడ కలదు. రక్తములోని ప్రతిరక్షకములను కొలుచుటకు మానవ కణములు అపారముగా కావలసివచ్చెను. హీలా అను పేర పెంచిన ఆ కణములు 1951లో క్యాన్సరుతో మరణించిన హెన్రియెట్టా లాక్స్ అను నల్లజాతి స్త్రీ దేహమునుండి తీసినవి. తీసినట్లు ఆమెకు చెప్పలేదు. ఆమె కుటుంబమునకు చాల ఏండ్లు తెలియదు. వానిని పెద్దయెత్తున పెంచి దేశములోని పరీక్షాశాలలకు పంపినవారు అలబామా రాష్ట్రములోని టస్కీగీ విద్యాసంస్థకు చెందిన నల్లజాతి శాస్త్రజ్ఞులు, సాంకేతికులు. అదే కాలమున దక్షిణాది రాష్ట్రములలో కొన్నిచోట్ల నల్లజాతి పిల్లలను తెల్లవారి పాఠశాల లోపలికి రానీయక, ఆరుబయట నిలిపి సూది వేసిరి. సాల్క్ యొక్క తొలి పరీక్షలలో కొన్ని, తమకై తాము ఒప్పుకొనలేని మందబుద్ధి పిల్లల ఆశ్రమములో జరిగినవి. అట్టివానిని నేటి నియమములు అంగీకరింపవు. సాయము స్వచ్ఛందము కావలెనన్నచో సంగతి ముందుగా చెప్పవలెను, కాదనుటకు హక్కు ఉండవలెను.

విజయము వెంట విషాదము కూడ వచ్చెను. 1955 ఏప్రిల్ చివర, ఒక తయారీ సంస్థ పంపిన టీకాలో కొంత భాగమున వైరసు పూర్తిగా చావలేదని తెలిసెను. టీకా పొందినవారిలోను, వారినుండి సోకినవారిలోను దాదాపు 200 మందికి పక్షవాతము వచ్చెను, 10 మంది మరణించిరి. ఏప్రిల్ 27న ఆ సంస్థ టీకాను వెనుకకు తీసికొనిరి. మే నెలలో టీకా కార్యక్రమమును కొంతకాలము నిలిపి తయారీ పరీక్షలను కఠినతరము చేసిరి. జరిగిన తప్పును దాచక ప్రకటించుటయు, సరిదిద్దుటయు చూచిన తల్లిదండ్రులు మరల వచ్చిరి. 1957 నాటికి అమెరికాలో పోలియో కేసులు సుమారు 5,500కు తగ్గెను.

మన దేశమున

ఆల్బర్ట్ సాబిన్ రూపొందించిన నోటి చుక్కల టీకా తరువాత వచ్చెను. 1959లో సోవియట్ యూనియనులో దానిని లక్షలకొలది పిల్లలకు ఇచ్చి పరీక్షించిరి. భారతదేశమున 1995 డిసెంబరు 9న పల్స్ పోలియో కార్యక్రమము ప్రారంభమయ్యెను. ఒక్క దినమున దేశములోని ఐదేండ్లలోపు పిల్లలందరికి రెండేసి చుక్కలు వేయుట దీని పద్ధతి. ఇక్కడను పాఠశాలలే కేంద్రములు. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, రోటరీ వంటి సంఘములవారు బడులలో, బస్సు స్టాండులలో, రైలు స్టేషనులలో కూర్చుండి చుక్కలు వేసిరి. చుక్కలు వేసిన బిడ్డ ఎడమచేతి చిటికెన వ్రేలికి సిరాగుర్తు పెట్టిరి. తరువాతి దినములలో ఇంటింటికి వెళ్ళి, మిగిలిన పిల్లలను వెదకి, తలుపుపై సుద్దతో గుర్తులు వ్రాసిరి. తెలుగు ఊళ్ళలో ఆ గుర్తులు చూడనివారు అరుదు.

2009లో కూడ మన దేశమున 741 కేసులు ఉండెను. ఉత్తర ప్రదేశ్, బీహారులలో కొన్నిచోట్ల వదంతులు వ్యాపించి తల్లులు బిడ్డలను దాచిరి. అక్కడ ఆ ఊరి స్త్రీలే ఇంటింటికి వెళ్ళి నచ్చజెప్పిరి. మసీదు పెద్దలు మాట సాయము చేసిరి. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో కనబడిన కేసు చివరిది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతమునకు పోలియో రహితమని ధ్రువపత్రమిచ్చెను.

జాగరూకత మాత్రము వదలరాదు. 2016 జూన్‌లో హైదరాబాదులోని అంబర్‌పేట మురుగునీటిలో, చుక్కల టీకానుండి మార్పు చెందిన రెండవ రకపు వైరసు కనబడెను. ఎవరికిని వ్యాధి రాకమునుపే, హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో ఒక్క వారములో మూడు లక్షలకు పైగా పిల్లలకు సూదిమందు వేసిరి. అది చంపిన వైరసుతో చేసినది, సాల్క్ టీకా సంతతిదే. 1954లో ఎవరి పిల్లలో భుజము చాపి నిరూపించిన సంగతి, 62 ఏండ్ల తరువాత మన పిల్లలకు రక్షణగా నిలిచెను.

పాఠశాలలో ఈ చరిత్రను చెప్పు ఉపాధ్యాయుడు సాల్క్, ఫ్రాన్సిస్, సాబిన్ పేర్లతో పాటు ఆ పట్టికను కూడ నల్లబల్లపై వ్రాయుట మంచిది: 33, 115, 121. ప్రతి అంకె వెనుక ఒక బిడ్డ, ఆ బిడ్డ పేరును తప్పు లేకుండ వ్రాసిన ఒక ఉపాధ్యాయిని, సంతకము చేసిన ఒక తల్లి కలరు. వారిలో ఎక్కువమంది శాస్త్రజ్ఞులు కారు. అయినను వారు లేక ఆ శాస్త్రము లేదు.